పన్నెండో తేదీ

దర్జీగారి తుంటి మీద పుండు గురించి ఆస్పత్రి డాక్టరు లైసెన్సులిచ్చే పై ఆఫీసుకి రాసిన నాలుగో రోజున ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. ముందుగా కబురు చేయలేదు. చేయకూడదనే నిబంధన. టైర్ల కొట్టు పక్కనున్న ఇరుకు మెట్లెక్కి, గుమ్మంలో మోకాలు పట్టుకుని కాసేపు ఆయాసం తీర్చుకుని, "ఇళ్ళకి మనుషుల్ని పంపే సంస్థ ఇదేనా?" అని అడిగింది. బల్ల దగ్గర కూర్చుని వచ్చే వారం డ్యూటీలు వేసుకుంటున్న సిస్టర్‌కి ఆ సంచీ, మెడలో ఆ కార్డు చూడగానే సంగతి అర్థమైంది. కుర్చీ లాగి, ఫ్యాను వేసి, మంచినీళ్ళు పెట్టింది.

ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం మానేసి ఎనిమిదేళ్ళయినా ఆమె అందరికీ ఇంకా సిస్టరే. మంచం దిగలేనివాళ్ళు ముప్పై ఒక్క ఇళ్ళలో ఉన్నారు. వాళ్ళకి ఒళ్ళు తుడిచి, తినిపించి, పక్కకి తిప్పి పడుకోబెట్టే ఆడవాళ్ళు పంతొమ్మిది మంది ఆమె దగ్గర పనిచేస్తున్నారు. ఇళ్ళకి పచ్చ ఫైళ్ళు, పనివాళ్ళకి నీలం ఫైళ్ళు. పనివాళ్ళ ఆరోగ్య పరీక్షలు, పోలీసుల కాగితం, శిక్షణ గంటలు, ప్రతి ఇంటికీ రోజుకో హాజరు పత్రం, రెండు నెలలకోసారి నర్సు స్వయంగా వెళ్ళి చూసినట్టు పర్యవేక్షణ పత్రం. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా లైసెన్సు మీదకి వస్తుంది. "మన దగ్గర చేరాక ఒళ్ళు చేసేది ఈ ఫైళ్ళొక్కటే" అంటుంటాడు తమ్ముడు. ఫోన్లు ఎత్తేదీ, ఎవరు ఏ ఇంటికి వెళ్ళాలో చూసేదీ అతనే.

ఇన్‌స్పెక్టరమ్మ దర్జీగారి పచ్చ ఫైలు అడిగింది. వేలికి రబ్బరు తొడుగు తగిలించుకుని ఒక్కో కాగితమే తిప్పింది. మధ్యమధ్య తన పుస్తకంలో ఏదో రాసుకుంది. కింద కొట్లో టైరుకి గాలి కొడుతున్న చప్పుడు పైదాకా వినపడుతోంది.

"పన్నెండో తేదీన మీరు వెళ్ళారు" అంది చివరికి. "చర్మం బాగుంది, ఎక్కడా ఎరుపు లేదు అని రాశారు. ఇరవై మూడున ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి అరచేతిలో సగం ఉంది పుండు. అంటే ఈ పదకొండు రోజుల్లో ఆయన్ని తిప్పినవాళ్ళు లేరన్నమాట. తిప్పినట్టు రెండు గంటలకోసారి టిక్కులు మాత్రం ఉన్నాయి."

సిస్టర్ ఆ కాగితం వైపు చూసింది. సంతకం తనదే.

"ఫోను రిజిస్టరు చూపిస్తారా? పనిమనిషి ఏమైనా చెప్పిందేమో చూద్దాం."

తమ్ముడు రిజిస్టరు తెచ్చి ఇచ్చాడు. ఆమె ఆ నెలంతా వేలుతో కిందికంటా జరిపి చూసింది. "ఈ ఇంటి నుంచి ఏమీ లేదు."

"రాయనిది రానట్టే కదండీ" అన్నాడు తమ్ముడు.

సిస్టర్ పచ్చ ఫైలు మూసింది. ఫోను తొమ్మిదో తేదీన వచ్చింది. నేరుగా తన సెల్లుకే వచ్చింది. "కుడి తుంటి దగ్గర ఎర్రగా ఉంది సిస్టర్‌గారూ, వేలుతో నొక్కినా తెల్లబడటం లేదు. గాలిపరుపు మోటారు కూడా ఆగిపోతోంది" అని చెప్పింది ఆ ఇంటి పనిమనిషి పిన్ని. రేపు వచ్చి చూస్తానంది తను. ఆ రేపు ఇద్దరు చెప్పాపెట్టకుండా పని మానేశారు. ఆ మర్నాడు ఒక ముసలావిడ మంచం మీంచి పడింది. పద్నాలుగో తేదీ సాయంత్రం తమ్ముడు పక్కన కూర్చుని పేర్లు చదువుతుంటే గడువు దాటిపోతున్న ఏడిళ్ళ పర్యవేక్షణ పత్రాలు ఈ బల్ల మీదే, ఈ పెన్నుతోనే నింపింది. అన్నీ ఒకే రోజు వెళ్ళినట్టు ఉండకూడదని తేదీలు అటూ ఇటూ మార్చింది. దర్జీగారికి పన్నెండు పడింది.

"రేపు ఆ పనిమనిషిని పిలిపించండి, వాంగ్మూలం తీసుకోవాలి" అంది ఇన్‌స్పెక్టరమ్మ లేస్తూ. "విచారణ అయ్యేదాకా ఆవిణ్ణి ఏ ఇంటికీ పంపకూడదు. నిర్లక్ష్యమని తేలితే పేరు జాబితాలోకి వెళ్తుంది. ఆ తర్వాత ఎక్కడా ఈ పని చేయడానికి వీల్లేదు."

ఆమె మెట్లు దిగాక తమ్ముడు తలుపు దగ్గరగా వేశాడు.

"అక్కా, నువ్వేం మాట్లాడకు. ఏడు కాగితాలు బయటపడితే ముప్పై ఒక్క ఇళ్ళూ రోడ్డున పడతాయి. పిన్ని ఒక్కతే. ఎక్కడో చోట బతుకుతుంది."

"ఫోను చెయ్యి" అంది సిస్టర్. మళ్ళీ తనే సెల్లు తీసుకుంది. పిన్నికి రెండు ముక్కల్లో చెప్పింది.

పిన్ని అంతా విన్నది. తర్వాత పిన్ని అంది: "నన్ను రావద్దంటే మానేస్తాను. మరి ఆయన్ని ఎవరు తిప్పుతారు?"

మర్నాడు పదింటికి పిన్ని వచ్చింది. ఆమె అసలు పేరు నీలం ఫైలు మీద తప్ప ఎవరి నోటా ఉండదు. పంతొమ్మిది మందిలోనూ వయసులో పెద్దది కాబట్టి అందరికీ పిన్నే, సిస్టర్‌తో సహా. చెప్పులు కింద మెట్టు దగ్గరే విడిచి వచ్చింది. కుర్చీ అంచున కూర్చుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుంది. నీళ్ళలో నానీ నానీ వేళ్ళ కొసలు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

"భయపడకండి. జరిగింది జరిగినట్టు చెప్పండి" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

పిన్ని చెప్పింది. ఉదయం ఏడింటికి వెళ్తాననీ, దర్జీగారి కూతురు బడిలో పని ముగించుకుని వచ్చేదాకా ఉంటాననీ, గంట కొట్టే గడియారం కాబట్టి రెండేసి గంటలకి తిప్పడం మర్చిపోననీ. కుడి పక్క ఆయనకి స్పర్శ లేదనీ, అందుకే అక్కడ నొప్పి తెలియదనీ.

"ఎరుపు ఎప్పుడు చూశారు?"

"వాళ్ళ కుళాయిలో నీళ్ళు రాని రోజండీ. పక్కింటి నుంచి బకెట్టు తెచ్చి ఒళ్ళు తుడిచాను. అప్పుడు చూశాను."

"తేదీ?"

"తేదీ తెలీదండీ."

"చూసి, ఎవరికైనా చెప్పారా?"

పిన్ని సిస్టర్ వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మంటారో లేదో అని చూసే మనిషి చూపది. సిస్టర్ బల్ల మీదున్న గుండుసూదుల డబ్బా సర్దింది.

"చెప్పాను" అంది పిన్ని.

"ఎవరికి?"

"ఆఫీసుకి."

"ఆఫీసు రిజిస్టరులో లేదమ్మా. మీ హాజరు పత్రంలో కింద 'గమనించినవి' అని గీత ఉంటుంది. అక్కడ రాయాలి. అదీ రాయలేదు."

"నాకు సంతకం వచ్చు. అంత రాయడం రాదండీ. అందుకే ఫోను చేస్తాను."

"ఫోను చేసినట్టు ఆధారం లేదు కదా."

పిన్ని ఒళ్ళోని సంచీ పట్టీని వేలికి చుట్టుకుంది, విప్పింది. "రాసుకోలేదేమో" అంది మెల్లగా. "పని ఒత్తిడిలో ఉంటారు."

సిస్టర్ తలెత్తింది. ఇప్పుడు అనాలి. ఒక్క మాట చాలు. ఎదురుగా తమ్ముడు కంప్యూటరు మీంచి కళ్ళు తిప్పకుండా కూర్చున్నాడు కానీ, వేళ్ళు మీటల మీద ఆగిపోయి ఉన్నాయి. ఇన్‌స్పెక్టరమ్మ రాసింది చదివి వినిపించింది. 'సమాచారం ఇచ్చినట్టు చెబుతున్నారు, నిరూపించలేకపోయారు.' పిన్ని తలూపింది. పెన్ను తీసుకుని కాగితం మీదకి వంగి, ఒక్కో అక్షరం చెక్కుతున్నట్టు రాసింది. ఆఖరి అక్షరానికి కొమ్ము పెట్టడం మర్చిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చి పెట్టింది. ఆ కొమ్ము పెట్టేదాకా టైమున్నా సిస్టర్ నోట మాట రాలేదు.

వెళ్తూ వెళ్తూ పిన్ని గుమ్మంలో ఆగింది. "ఆ పరుపు మోటారు బాగుచేయించారా?"

"చేయిస్తున్నాం పిన్నీ."

"చేయించండి. దిండ్లతో ఎన్నాళ్ళు."

బుధవారం దర్జీగారింటికి పంపడానికి మనిషి దొరకలేదు. తమ్ముడు పొద్దున ఆరు నుంచి తొమ్మిది మందికి ఫోను చేశాడు. ఒకామె పిల్లాడికి జ్వరం, ఇద్దరికి వేరే ఇళ్ళు, మిగతావాళ్ళు ఎత్తలేదు. సిస్టరే వెళ్ళింది.

వీధి వైపు గది ఒకప్పుడు ఆయన కొట్టు. గుడ్డలు కత్తిరించే బల్ల తీసేసి అక్కడ మంచం వేశారు. కుట్టుమిషను మాత్రం కిటికీ పక్కనే ఉంది, మూత మీద మందు సీసాలు, దూది, చేతి తొడుగులు. దర్జీగారు కళ్ళు తెరిచి పడుకుని ఉన్నారు. పక్షవాతంతో మాట పోయి రెండేళ్ళయింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు ఆయన మాట వింటాయి. మిగతా సగం వినదు. కూతురు మూడు రోజుల నుంచి బడికి సెలవు పెట్టి ఉంది. అక్కడ ఆఫీసులో గుమాస్తా. జుట్టు దువ్వుకోలేదు.

"పిన్ని రాలేదా?" అంది.

"రెండ్రోజులు రాదమ్మా. నేను చూస్తాను."

"పక్కకి తిరగండి దర్జీగారూ" అంటూ సిస్టర్ ఆయన భుజం కింద, తుంటి కింద చేతులు పెట్టింది. ఆస్పత్రిలో వేలసార్లు చేసిన పని. దర్జీగారు కర్రలా బిగుసుకుపోయారు. ఎడమ చేత్తో మంచం పట్టె పట్టుకుని వదల్లేదు. కూతురు వచ్చి ఆ వేళ్ళు ఒక్కోటీ విడదీసింది. ఇద్దరూ కలిసి తిప్పారు. కట్టు విప్పగానే ఆ వాసనకి కూతురు కిటికీ వైపు మొహం తిప్పుకుంది. సిస్టర్ తిప్పుకోలేదు. అంచులు ఎర్రగా, మధ్యలో పసుపచ్చగా ఉంది. తొమ్మిదో తేదీన చూసి ఉంటే పరుపు మార్చి, నాలుగు రోజులు ఆ పక్క ఒత్తిడి పడకుండా చూస్తే చాలేది. ఉప్పునీళ్ళతో కడిగి, కొత్త కట్టు కట్టేసరికి నడుం పట్టేసింది.

చేతులు కడుక్కుంటుంటే కూతురు తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడింది.

"ఇన్‌స్పెక్టరు గారు ఇక్కడికీ వచ్చారు సిస్టర్. పన్నెండున మీరు వచ్చి నాన్నని చూశారా అని అడిగారు."

సిస్టర్ కుళాయి కట్టేసింది.

"ఆ రోజు ఆదివారం. నేనింట్లోనే ఉన్నాను. మీరు రాలేదు." కూతురు గొంతు పెంచలేదు. "గుర్తులేదని చెప్పాను."

"ఎందుకమ్మా?"

"మీ సంస్థ మూతపడితే నాన్న దగ్గరికి ఎవరొస్తారు? ఈ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. నేను ఉద్యోగం మానలేను." తువ్వాలు అందించింది. "మీ మీద ప్రేమతో కాదు లెండి. ఇప్పుడనిపిస్తోంది, మనందరి పనీ నడవడానికి పిన్ని మీద తోసేశాం. ఆవిడ నాన్నకి స్వెట్టరు మార్చాలన్నా నన్ను అడిగి మార్చేది."

సిస్టర్ చేతులు తుడుచుకుంది. అప్పటికే పొడిగా ఉన్న చేతుల్ని మళ్ళీ తుడుచుకుంది. సాయంత్రం దాకా ఆ ఇంట్లోనే ఉంది. రెండు గంటలకోసారి గడియారం కొట్టగానే ఆయన్ని తిప్పడానికి పెనుగులాడింది. 

పై ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. గురువారం లిఫ్టు పనిచేయడం లేదు. సిస్టర్ వెళ్ళేసరికి ఇన్‌స్పెక్టరమ్మ ఫైళ్ళు పక్కకి నెట్టి, చిన్న డబ్బాలోంచి చెంచాతో ఏదో తింటోంది. చూసి మూత పెట్టేసింది.

"తినండి, ఆగుతాను."

"ఫర్లేదు, చెప్పండి."

"పన్నెండో తేదీ నేను వెళ్ళలేదండీ."

ఇన్‌స్పెక్టరమ్మ డబ్బా పక్కన పెట్టింది. రుమాలుతో మూతి తుడుచుకుంది. "ఆ పత్రం?"

"పద్నాలుగున ఆఫీసులో కూర్చుని రాశాను. ఎరుపు సంగతి పిన్ని తొమ్మిదిన నాకే ఫోను చేసి చెప్పింది. పరుపు సంగతి కూడా చెప్పింది. నేను రిజిస్టరులో ఎక్కించలేదు, వెళ్ళలేదు." సెల్లు తీసి ముందు పెట్టింది. వచ్చిన కాల్స్‌లో తొమ్మిదో తేదీ, ఉదయం పది దాటి పన్నెండు నిమిషాలు, పిన్ని నంబరు.

"ఇది మొన్ననే మీ దగ్గర ఉంది కదా."

"ఉంది."

"ఆవిడ సంతకం పెడుతుంటే చూస్తూ కూర్చున్నారు."

"కూర్చున్నాను."

ఇన్‌స్పెక్టరమ్మ కళ్ళజోడు తీసి ముక్కు పక్కల నొక్కుకుంది. అరవైకి దగ్గరపడ్డ మొహం, నిద్ర చాలనిది. "ఒక్కటేనా, ఇంకా ఉన్నాయా?"

ఇక్కడ ఆగిపోవచ్చు. మెట్లెక్కేటప్పుడు సిస్టర్ అక్కడే ఆగుదామనుకుంది కూడా. "ఆ నెల ఏడున్నాయి" అంది. ఇళ్ళ పేర్లు వరసగా చెప్పింది. ఇన్‌స్పెక్టరమ్మ సొరుగులోంచి తెల్లకాగితాలు తీసి, తను రాయకుండా ఆమె ముందుకే జరిపింది.

"మీ చేత్తోనే రాయండి. రాసేముందు వినండి. పర్యవేక్షణ చేసే హక్కు మీకు ఏడాది పాటు పోతుంది. ఇంకో నర్సుని పెట్టుకోవాలి, అందుకు నెల రోజులు గడువిస్తాను. అప్పటిదాకా కొత్త ఇళ్ళు తీసుకోకూడదు. పైవాళ్ళు ఇంకా ఏమైనా అంటే నేను ఆపలేను."

"ఆవిడ పేరు?"

"జాబితాలోకి వెళ్ళదు. రేపట్నుంచి పనికి రావచ్చు."

సిస్టర్ రెండు కాగితాలు నింపింది. మెట్లు దిగుతుంటే గుండె మీద బరువేదో దిగుతుందని ఎదురుచూసింది. ఏమీ దిగలేదు. ఆకలి మాత్రం వేసింది. రోడ్డు పక్క నిలబడి ఒక అరటిపండు తిని ఆఫీసుకి వెళ్ళింది.

విని, తమ్ముడు చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

"వెళ్ళేముందు నాతో ఒక్క మాట అనాల్సింది."

"అంటే ఆపేవాడివి."

"ఆపేవాణ్ణే." లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు. "ఆ రోజు పేర్లు చదివింది నేనే కదా. నా పేరు కూడా రాశావా?"

"లేదు."

అతను కిటికీ రెక్క దగ్గరగా వేశాడు. కాసేపటికి వచ్చి కూర్చుని, రిటైరైన నర్సుల నంబర్లు ఉన్న పాత డైరీ బయటికి తీశాడు. మొదటి నంబరుకి ఫోను కలుపుతూ, "జీతం సంగతి ముందే అడుగుతారు, ఏం చెప్పమంటావు?" అన్నాడు విసుగ్గా. అంతకు మించి అక్క వైపు చూడలేదు.

శుక్రవారం పొద్దున్నే సిస్టర్ పిన్ని ఇంటికి వెళ్ళింది. ఒక పెద్ద ఇంటి వెనక వైపు గది, ముందు సన్నని వసారా. పిన్ని ఉతికిన దుప్పటి పిండుతోంది. సిస్టర్ రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ చెరో వైపూ మెలిపెట్టి పిండి, తీగ మీద ఆరేశారు. అప్పుడు చెప్పింది సిస్టర్. దారిపొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఎక్కడివక్కడ జారిపోయాయి. ఫోను సంగతి, సంతకం సంగతి, నిన్న రాసిచ్చిన సంగతి మాత్రం చెప్పింది. క్షమించమని అడిగింది.

పిన్ని దుప్పటి ముడతలు లాగుతూ విన్నది.

"ఆ రోజు మీరు చెబుతారనుకున్నాను" అంది. "కుర్చీలో కూర్చున్నంతసేపూ అనుకున్నాను. ఇదిగో ఇప్పుడంటారు, ఇదిగో ఇప్పుడంటారు అని. మెట్లు దిగాక కూడా వెనక నుంచి పిలుస్తారేమోనని చెప్పులు నిదానంగా వేసుకున్నాను."

సిస్టర్ తీగ మీద దుప్పటి కొస సర్దింది.

"చెప్పారు కదా, సంతోషం. లేకపోతే ఆ పేరుతో ఎట్లా తిరగను?" పిన్ని తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. "నేను మాత్రం ఇక రాను సిస్టర్‌గారూ. ఆడపిల్లల హాస్టలు వంటింట్లో కూరగాయలు తరిగే పని ఉందన్నారు. సోమవారం నుంచి."

"పిన్నీ, నీలాగా చేసేవాళ్ళు—"

"అక్కడ నయం. వంకాయకి పుచ్చు పడితే అవతల పారేస్తాం. ఎవరూ వచ్చి కాగితం అడగరు." ఆమె నవ్వింది. సిస్టర్ కూడా నవ్వబోయింది కానీ మొహం సహకరించలేదు. పిన్ని కాసేపు ఆ మొహం చూసి, "దర్జీగారి దగ్గరికి ఎవరిని పంపుతున్నారు?" అని అడిగింది.

"నేనే వెళ్తున్నాను. నర్సుగా కాదు. నీ డ్యూటీకి."

"ఆయన ఒళ్ళిస్తున్నారా?"

"లేదు. బిగుసుకుపోతున్నారు. నిన్న పొద్దున పట్టె పట్టుకుని లాగితే గోరు కూడా చీలింది."

పిన్ని పెదవి కొరుక్కుంది. "రేపొక్క పూట వస్తాను" అంది. "మీకోసం కాదు."

శనివారం ఏడింటికి పిన్ని మంచం కాళ్ళ వైపు నిలబడింది. మోటారు బాగుపడి, గాలిపరుపు సన్నగా బుసకొడుతోంది. ఆమెని చూడగానే దర్జీగారి ఎడమ కన్ను చెమ్మగిల్లింది. పిన్ని ఆయన పాదం పట్టుకుని కాస్త ఊపి, "ఏమండీ, గోళ్ళు చీల్చుకుంటున్నారట" అంది. కూతురు గడప దగ్గర కాఫీ గ్లాసులతో నిలబడిపోయింది.

"నేను ముట్టుకోను. మీరే చెయ్యండి" అంది పిన్ని సిస్టర్‌తో. కుట్టుమిషను సొరుగు లాగి, అంకెలు అరిగిపోయిన టేపు తీసింది. "ఇది మెడలో వేసుకోండి."

సిస్టర్ వేసుకుంది.

"తిరగండి అని అనకూడదు. వీపు కొలత అనాలి. నలభై ఏళ్ళు అందరి కొలతలూ ఈయనే తీశారు. ఎట్లా నిలబడాలో ఈయనకి తెలుసు."

"దర్జీగారూ, వీపు కొలత" అంది సిస్టర్.

ఆయన కదల్లేదు. పట్టె మీద చెయ్యి బిగిసే ఉంది.

"బతిమాలుతున్నట్టు ఉంది. పనిమీద ఉన్నట్టు అనండి."

సిస్టర్ టేపు కొస చేతిలోకి తీసుకుంది. "వీపు కొలత తీసుకోవాలి" అంది, ఈసారి మామూలుగా.

దర్జీగారు ఊపిరి పీల్చి నిలిపారు. పట్టె మీద వేళ్ళు వాటంతటవే వదులయ్యాయి. భుజం కింద సిస్టర్ చెయ్యి పెట్టగానే ఆయన బరువు తేలిగ్గా పక్కకి ఒరిగింది. ఎడమ పక్కకి ఒత్తిగిల్లి, మొహం గోడ వైపు పెట్టి, కొత్త చొక్కా కుట్టించుకోవడానికి వచ్చిన మనిషిలా ఒద్దికగా ఉన్నారు.

కట్టు విప్పింది సిస్టర్. వాసన తగ్గింది. వారానికోసారి పుండు కొలిచి రాయాలని ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన సెంటీమీటర్ల కాగితపు స్కేలు దాని పక్కన పెట్టి చూసింది. పక్కనున్న పుస్తకంలో రాసుకోవడానికి పెన్ను తీసింది.

"పైకి చెప్పండి" అంది పిన్ని. "కొలత తీసి చెప్పకపోతే ఆయన ఊరుకోరు."

"పొడవు నాలుగున్నర" అంది సిస్టర్.

దర్జీగారి ఎడమ చెయ్యి గోడ పక్కన దుప్పటి మీద ఉంది. చూపుడువేలు మెల్లగా కదిలింది. నాలుగు రాసింది. పక్కనే అర వేసింది.

"వెడల్పు మూడు."

మూడు రాసింది. గడప దగ్గర కూతురు గ్లాసులు కింద పెట్టి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పిన్ని తన సంచీ భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచింది. చెప్పులు వేసుకున్న చప్పుడు, వీధి తలుపు చప్పుడు వినపడ్డాయి. సిస్టర్ వెనక్కి తిరిగి చూడలేదు. దుప్పటి మీద వేలు తర్వాతి అంకె కోసం ఆగి ఉంది. ఆమె మళ్ళీ వంగి, లోతు కూడా చూసి చెప్పింది.